ఒక్క రాత్రిలో ఏం మారింది?

ఒక రాత్రి గురించి అడుగుతున్నాను. 2021 జనవరి 1కీ 2కీ మధ్య గడిచిన రాత్రి.

జనవరి 1న ఢిల్లీలో, మందుల నియంత్రణ సంస్థకు సలహా ఇచ్చే నిపుణుల కమిటీ ముందుకు హైదరాబాద్ టీకా కోవాగ్జిన్ ఫైలు వచ్చింది. మూడో దశ ప్రయోగంలోకి మనుషుల్ని ఇంకా త్వరగా చేర్చుకోండి, టీకా ఎంతమేర పనిచేస్తోందో మధ్యంతర లెక్క తీయండి, అత్యవసర అనుమతి సంగతి అప్పుడు చూద్దాం అని కమిటీ రాసింది. సరైన మాట. శాస్త్రం తెలిసినవాళ్లు అనాల్సిన మాట. మర్నాడు అదే కమిటీ మళ్లీ కూర్చుని, ప్రజాప్రయోజనం కోసం, ముందుజాగ్రత్తగా, ‘క్లినికల్ ట్రయల్ మోడ్’లో అనుమతి ఇవ్వొచ్చని రాసింది. 3వ తేదీ, ఆదివారం పూట, డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ వి.జి. సోమానీ ప్రకటించేశారు.

మధ్యంతర లెక్క మాత్రం రాలేదు. అది వచ్చింది మార్చి 3న. కంపెనీ కమిటీకి చూపిన వివరాల్లో భద్రత సమాచారం ఉంది, రోగనిరోధక స్పందన ఉంది, కోతుల మీద చేసిన ప్రయోగం కూడా ఉంది. మనుషుల్లో జబ్బును ఎంతవరకు ఆపుతుందన్న ఒక్క అంకె లేదు. కొత్తగా పుడుతున్న వైరస్ రకాల మీద పనికొస్తుందన్న ఆశను కారణంగా రాశారు. 1వ తేదీన లేనిది 2వ తేదీకి ఎక్కడి నుంచి వచ్చింది? ఆ గదిలో ఎవరెవరున్నారు? ఎవరు ఏమన్నారు? ఒక్కరైనా కాదన్నారా? ఆ మినిట్స్‌లో సభ్యుల పేర్లు కూడా లేవు. కోట్ల చేతుల్లోకి దిగే సూదికి అనుమతి ఇచ్చినవాళ్ల పేర్లు ఆ చేతులున్నవాళ్లకు తెలియవు.

నేను బాలాపూర్ వాణ్ని. టీకాకు వ్యతిరేకిని కాను. ఆ కోవాగ్జినే రెండు డోసులు వేయించుకున్నాను, నా భార్యకు వేయించాను, మా వీధిలో భయపడి ఇంట్లో కూర్చున్న ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. ఆ టీకా తయారుచేసినవాళ్లంటే నాకు గౌరవం. మా ఊరికి ఉత్తరాన, నగరం అవతలి కొసన, శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ పేరు ప్రపంచానికి తెలిసిందంటే నా ఛాతీ కూడా పొంగుతుంది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారు హెపటైటిస్ బి టీకాను సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది ఈ హైదరాబాద్ నుంచే. కోవాగ్జిన్ చేసిన భారత్ బయోటెక్ అంతకుముందు రోటావైరస్ టీకా చేసింది. ఆ వైరస్ రకాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌లో గుర్తించింది 1980ల్లో. 6,799 మంది పసిపిల్లల మీద మూడో దశ పరీక్ష ముగించి, ఫలితాలు లోకం ముందు పెట్టి, 2014లో అనుమతి తీసుకున్నారు. ఎలా చేయాలో తెలిసిన చేతులే ఇవి. ఓపిగ్గా చేయడం తెలిసిన చేతులే. అందుకే నాకు మరింత కోపం.

తొందర ఎవరిదో చెప్పడానికి ఒక ఉత్తరం ఉంది. 2020 జులై 2న భారత వైద్య పరిశోధన మండలి అధిపతి బలరాం భార్గవ దేశంలోని 12 ఆసుపత్రులకు లేఖ రాశారు. మన నిమ్స్‌కూ, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికీ వచ్చింది ఆ లేఖ. ప్రయోగాలన్నీ ముగించి ఆగస్టు 15 నాటికి టీకాను జనానికి విడుదల చేయాలని అందులో ఉంది. ఆ నాటికి ఒక్క మనిషికీ మొదటి డోసు పడలేదు. ఆరు వారాల్లో మూడు దశలూ అయిపోవాలట. మాట వినకపోతే తీవ్రంగా పరిగణిస్తామన్న హెచ్చరిక కూడా ఉంది. డాక్టరుకు రాయాల్సిన ఉత్తరం కాదది. జెండా పండుగకు వేదిక కట్టే కాంట్రాక్టరుకు రాసే ఉత్తరం. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఆ గడువు సహేతుకం కాదని బహిరంగంగానే చెప్పాల్సి వచ్చింది. గడువు జారిపోయింది, సంతోషం. ఆ ఉత్తరం రాయించిన బుద్ధి మాత్రం జారిపోలేదు. జనవరి 2న గదిలోకి వచ్చి కూర్చున్నది అదే.

సరే, లాభనష్టాలు తూకం వేద్దాం. నిజంగానే వేద్దాం. ‘ఆలస్యం అమృతం విషం’ అనే సామెతా మనదే, ‘నిదానమే ప్రధానం’ అన్నదీ మనదే. ఏ రోజుకు ఏ సామెత అన్నది ఆ రోజు రోగం చెప్పాలి.

2021 జనవరి 3న రోగం ఏం చెబుతోంది? 2020 సెప్టెంబర్‌లో రోజుకు లక్షకు దగ్గరగా వెళ్లిన కేసులు జనవరి మొదటి వారానికి 20 వేలకు దిగొచ్చాయి. అదే రోజు అనుమతి పొందిన కోవిషీల్డ్‌కు బ్రిటన్, బ్రెజిల్ ప్రయోగాల ఫలితాలు అప్పటికే అచ్చయి ఉన్నాయి. అంటే చేతిలో పనిచేస్తుందని తెలిసిన టీకా ఒకటుంది, జబ్బు తగ్గుముఖంలో ఉంది. రెండో టీకా లెక్క రావడానికి రెండు నెలలు ఆగితే పోయేదెంత? చాలా తక్కువ. ఆగకపోవడం వల్ల పోయేదెంత? జనం నమ్మకం. తరాజు ఎటు మొగ్గుతుందో చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు.

అదే రోజు ఏప్రిల్ 20 అయి ఉంటే నా మాట వేరు. ఆక్సిజన్ సిలిండర్ కోసం కొడుకులు అర్ధరాత్రి కుషాయిగూడ నుంచి చర్లపల్లి దాకా బైకుల మీద తిరిగిన రోజులవి. రోజుకు మూడు లక్షలు, మే మొదటి వారంలో నాలుగు లక్షలు దాటిన కేసులు. ఆ రోజున కాస్త తక్కువ రుజువుతోనైనా టీకా వదలండి, ఇదీ తెలిసింది, ఇదీ తెలియంది అని చెప్పి వదలండి అని నేనే ముందు అరిచేవాణ్ని. తొందరే పాపమని నేననడం లేదు. ఇల్లు కాలుతుంటే బావి నీళ్లు పరీక్షకు పంపేవాడు మూర్ఖుడే. కానీ ఇల్లు కాలని రోజున తొందరపడి, కాలుతున్న రోజున చేతులు ముడుచుకోవడాన్ని ఏమనాలి?

చేతులు ముడుచుకున్నారని ఊరికే అనడం లేదు. కేంద్రమే 2021 మే 3న ఇచ్చిన వివరణలో లెక్క ఉంది. కోవాగ్జిన్‌కు చివరగా ఇచ్చిన ఆర్డరు 2 కోట్ల డోసులు. అందులో ఆ రోజుకు అందినవి 88.13 లక్షలు. మే, జూన్, జులై నెలల కోసం మరో 5 కోట్ల డోసులకు 787.50 కోట్ల రూపాయల అడ్వాన్సు ఇచ్చింది ఏప్రిల్ 28న. తేదీ చూడండి. సంతకం జనవరి 3న, పెద్ద సొమ్ము ఏప్రిల్ 28న. శ్మశానాల ముందు బండ్లు బారులు తీరాక. ఇల్లు అలకగానే పండగ కాదు. అనుమతి కాగితం జబ్బును ఆపదు, సీసాలో మందు ఆపుతుంది. ఆ సీసాలు నింపే యంత్రాలకు, అదనపు ప్లాంట్లకు, గచ్చిబౌలి ఇండియన్ ఇమ్యునలాజికల్స్ లాంటి ప్రభుత్వ అనుబంధ సంస్థలను పనిలో పెట్టడానికి 2020లోనే ఆ తొందర చూపించి ఉంటే నేను ఈ రోజు దండం పెట్టి ఊరుకునేవాణ్ని.

నాకు ఏప్రిల్ రెండో వారంలో మొదటి డోసు పడింది. “ఏది వేస్తున్నరు తల్లీ?” అని అడిగితే “ఏదొస్తే అదే కాకా” అన్నది సూది వేసే పిల్ల. ఆమె తప్పేం లేదు, ఆమెకు చెప్పినవాళ్లు లేరు. రెండో డోసు మే నెల మధ్యలో పడాలి. లాక్‌డౌన్‌లో పొద్దున ఆరు నుంచి పది దాకానే బయట తిరగనిచ్చేవాళ్లు. ఆ నాలుగు గంటల్లో మీర్‌పేట, చంపాపేట, సైదాబాద్ తిరిగాను. ప్రతిచోటా ఒకటే మాట, స్టాకు లేదు. తెలంగాణలో మొదటి డోసులు ముందే ఆపేశారు, తర్వాత రెండో డోసులు కూడా కొన్నాళ్లు ఆగాయి. ఒక కేంద్రం గేటు దగ్గర ఒక ముసలామె సగం టీకా చీటీ చేతిలో పట్టుకుని “మిగిలిన సగం ఎప్పుడేస్తరు బిడ్డా?” అని వాచ్‌మన్‌ను అడుగుతోంది. వాచ్‌మన్ తల తిప్పుకున్నాడు. జీనోమ్ వ్యాలీ ఇంతే దూరంలో ఉందని నేనా రోజు అనుకోలేకపోయాను.

ఇంకో సంగతి కూడా ఈ తరాజు మీదే పెట్టాలి. జనవరిలో రాత్రికి రాత్రి మెత్తబడిన కమిటీయే ఫిబ్రవరి 3న ఫైజర్‌ను వెనక్కి పంపింది. దాదాపు 44 వేల మంది మీద ప్రయోగం చేసి, 95 శాతం పనిచేస్తుందని చూపిన టీకా అది. మన దేశంలో చిన్నపాటి పరీక్షయినా చేయలేదన్నది అభ్యంతరం. అలా అడగడం తప్పు కాదు. మా ఇంటి నుంచి మామిడిపల్లి మీదుగా పోతే అరగంటలో వచ్చే శంషాబాద్ విమానాశ్రయంలో 2021 మే 1న స్పుత్నిక్ మొదటి లక్షన్నర డోసులు దిగాయి. రష్యా దాన్ని 2020 ఆగస్టు 11న, మూడో దశ మొదలవకముందే ఆమోదించి లోకమంతా చీవాట్లు తిన్నది. తర్వాత ఫిబ్రవరిలో 91.6 శాతం అంటూ లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. అయినా మన కమిటీ డాక్టర్ రెడ్డీస్ చేత ఇక్కడ పరీక్ష చేయించింది, రోగనిరోధక వివరాలు తెమ్మంది, ఏప్రిల్ దాకా ఆగింది. అదీ తప్పు కాదు. రష్యా తొందరపడింది గనుక మనం నిదానిస్తామన్న కమిటీ, మన ఊరి టీకా దగ్గర ఆ నిదానం ఎందుకు వదిలేసింది? తరాజు ఒక్కటే, రాళ్లు రెండు. పక్కింటి పిల్లాడి నడక మీద అన్ని ప్రశ్నలు వేసి, మన పిల్లాడికి పరీక్ష రాయకముందే పాసు మార్కులు వేస్తే నష్టపోయేది మన పిల్లాడే. కష్టపడి చదివినా ఎవరూ నమ్మరు.

“చివరికి పనిచేసింది కదా, ఇంకేం గొడవ?” అంటారు. పనిచేసింది. 25,798 మంది మీద జరిగిన మూడో దశ ఫలితాలు 2021 నవంబర్‌లో లాన్సెట్‌లో వచ్చాయి. లక్షణాలున్న జబ్బును 77.8 శాతం ఆపింది. టీకా వేసుకున్న వాళ్లలో 24 మందికి, ఉత్తుత్తి సూది వేసుకున్న వాళ్లలో 106 మందికి జబ్బు వచ్చింది. నాకు సంతోషం, నా ఒంట్లో ఉన్నది అదే. అయితే ఆ మాటతో నోరు మూయించాలనుకునేవాళ్లు ఒక్కసారి మా పక్కనుంచి పోయే శ్రీశైలం రోడ్డెక్కి ఘాట్ దాకా పోయి రావాలి. మలుపులో ఎదురుగా ఏముందో కనపడకుండా బస్సును దాటించిన డ్రైవరు ఆ రోజు క్షేమంగా సున్నిపెంట చేర్చాడు గనుక, దాటించడం సరైన పనేనా? బస్సులో కూర్చున్న వాళ్లకు దేవుడు ఒకసారి కలిసొచ్చాడు. లెక్క రాకముందు చేసిన సంతకానికి, తర్వాత వచ్చిన లెక్క సాక్ష్యం చెప్పలేదు.

ఇక్కడ ఖమ్మం సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లో చాలామంది మరిచిపోయారు, భద్రాచలం మరిచిపోలేదు.

2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ప్రాజెక్టు అది. సుమారు 14 వేల మంది పిల్లలు. గిరిజన హాస్టళ్లలో ఉండే పిల్లలు చాలామంది. తల్లిదండ్రులు ఎక్కడో మారుమూల పోడు చేసుకుంటుంటే, హాస్టల్లో వరస కట్టించి సూది వేశారు. సమ్మతి పత్రాలు తర్వాత తీసి చూస్తే, 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం చేసినవాళ్లు హాస్టల్ వార్డెన్లో, హెడ్మాస్టర్లో. మరో 1,948 మీద వేలిముద్రలు. తన బిడ్డ ఒంట్లోకి ఏం పోతోందో ఆ తల్లికి చెప్పినవాడు లేడు. గుజరాత్‌లోని వడోదరతో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారని తేలాక, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చదివితే కడుపు రగిలిపోతుంది.

ఆ చావులకు టీకాయే కారణమని విచారణ కమిటీ తేల్చలేదు. నేనూ అనను. ఆ టీకా మంచిదే. లోకంలో కోట్లమంది ఆడపిల్లలు వేయించుకుంటున్నారు, క్యాన్సర్ తగ్గిపోతోంది. పాపం టీకాది కాదు. చెప్పకుండా వేసినవాళ్లది, వేశాక పిల్లలకు ఏమవుతోందో వెతికే ఏర్పాటు లేకుండా వేసినవాళ్లది. ఆ పాపానికి శిక్ష ఎవరికి పడింది? ఖమ్మం పేరు చెబితే చాలు దేశంలో ప్రభుత్వాలు ఆ టీకా జోలికి పోవడానికి భయపడ్డాయి. దేశవ్యాప్త కార్యక్రమంలోకి రావడం పదేళ్లకు పైగా వెనక్కి పోయింది. ఈ దేశంలో ఏటా 70 వేలకు పైగా ఆడవాళ్లు ఆ క్యాన్సర్‌తో చచ్చిపోతున్నారు. వాళ్లలో ఎంతమంది మన భద్రాచలం, ఆదిలాబాద్, పాడేరు తల్లులో! 2,763 సంతకాలు పెట్టిన వార్డెన్లకు, పెట్టించిన పెద్దలకు తెలియాలి, వాళ్లు మిగిల్చుకున్న సమయం ఎన్ని రోజులో, అది పోగొట్టిన సమయం ఎన్నేళ్లో.

కోవాగ్జిన్ అనుమతి నాటికి ఖమ్మం జరిగి పదకొండేళ్లే అయింది. అదే వైద్య పరిశోధన మండలి. మళ్లీ అదే తప్పు అంటే నేనెలా ఊరుకోవాలి?

‘క్లినికల్ ట్రయల్ మోడ్’ అన్నారు కదా, దాని అర్థమేమిటి? 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు మొదటి నుంచి చివరిదాకా చూడండి, ఆ మాట లేదు. ప్రయోగమైతే వేసుకునేవాడికి నిరాకరించే హక్కుండాలి, ఏ టీకా కావాలో ఎంచుకునే వీలుండాలి. కార్యక్రమమైతే పనిచేస్తుందన్న రుజువుండాలి. జనవరి 16న మొదలైన టీకాల్లో కోవాగ్జిన్ వేసుకున్నవాళ్ల చేతికిచ్చిన పత్రంలో, టీకా సామర్థ్యం ఇంకా నిర్ధారణ కాలేదని రాసి ఉంది. ఆ పత్రంలో అంత నిజం రాసినవాళ్లే బయటికొచ్చి మైకు ముందు మరోలా మాట్లాడారు. రెండు టీకాలూ 110 శాతం సురక్షితమన్నారు సోమానీ. మందుల గురించి దేశంలో చివరి మాట చెప్పాల్సిన మనిషి లెక్కల్లో లేని అంకె చెప్పాడు. కాస్త చదువుకున్న ఏ ఆశా కార్యకర్తనడిగినా చెబుతుంది, ఏ మందూ నూటికి నూరు కాదని.

నిజమైన తూకం ఎలా ఉంటుందో చెప్తాను. ఆస్ట్రాజెనెకా టీకాతో, అంటే మన కోవిషీల్డ్‌తో, చాలా అరుదుగా రక్తం గడ్డలు కడుతున్నాయని తేలినప్పుడు, 2021 ఏప్రిల్ 7న బ్రిటన్ అధికారులు టీవీ ముందు కూర్చుని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వేసిన పటాలు చూపించారు. వైరస్ తక్కువగా ఉన్న చోట 20 నుంచి 29 ఏళ్లవాళ్లు లక్షమందికి టీకా వేస్తే ఐసీయూ తప్పేది 0.8 మందికి, గడ్డల వల్ల తీవ్ర హాని 1.1 మందికి. 60 దాటినవాళ్లలో ఐసీయూ తప్పేది 14.1, హాని 0.2. అంతే, ఆ వయసుకు ఇది, ఈ వయసుకు అది. చిన్నవాళ్లకు వేరే టీకా చూద్దామన్నారు, పెద్దవాళ్లను తప్పకుండా వేసుకోమన్నారు. జనం భయపడి పారిపోలేదు. పెద్దమనుషులకు చెప్పినట్టు చెబితే జనం పెద్దమనుషుల్లాగే వింటారు. అమెరికాలో ఫైజర్ అనుమతి కోసం 2020 డిసెంబర్ 10న సలహా కమిటీ రోజంతా కూర్చున్నది ఇంటర్నెట్‌లో అందరి ఎదుటే. కాగితాలు రెండు రోజుల ముందే బయట పెట్టారు. వాళ్లూ తొందరపడ్డారు, మనకంటే ముందే సంతకం పెట్టారు. కానీ తలుపులు తీసి పెట్టారు.

అమెరికాకు ఆ బుద్ధి ఊరికే రాలేదు. 1955 ఏప్రిల్ 12న సాక్ పోలియో టీకా పనిచేస్తుందని ప్రకటించిన కొద్ది గంటల్లోనే అనుమతి సంతకాలు అయిపోయాయి. కోవాగ్జిన్ లాగే అది కూడా చంపిన వైరస్‌తో చేసిన టీకా. కట్టర్ అనే కంపెనీ సీసాల్లో వైరస్ చావలేదు. 40 వేల మంది పిల్లలకు తేలికపాటి పోలియో వచ్చింది, సుమారు 200 మందికి కాళ్లూ చేతులూ పడిపోయాయి, 10 మంది చనిపోయారు. టీకాలు ఆపారు, ఎక్కడ తప్పు జరిగిందో తవ్వారు, తనిఖీలు కట్టుదిట్టం చేశారు, మళ్లీ మొదలుపెట్టారు. పోలియో తగ్గుతూ పోయింది. దాచి ఉంటే ఆ టీకా అక్కడే చచ్చేది.

మన దగ్గర మే 17న ఒక ప్రకటన వచ్చింది. కోవిషీల్డ్ వల్ల గడ్డలు కట్టి ఉండొచ్చనిపించిన కేసులు 26, పది లక్షల డోసులకు 0.61 అని. బ్రిటన్‌లో పది లక్షలకు 4, జర్మనీలో 10. మనకు తక్కువైతే మంచిదే. కానీ పల్లెలో టీకా వేసుకున్న మూడో వారంలో తలనొప్పితో చచ్చిపోయిన కుర్రాడి తలకు స్కాన్ తీసినవాడెవడు? వెతికిన చోటే దొరుకుతుంది. 2022 మే 2న సుప్రీంకోర్టు టీకా వేసుకోమని ఎవరినీ బలవంతపెట్టకూడదని చెప్పింది, దుష్ప్రభావాల వివరాలు అందరికీ తెలిసేలా పెట్టమంది. అదే ఏడు నవంబర్‌లో, టీకా తర్వాత బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, పరిహారం బాధ్యత మాది కాదు, సివిల్ కోర్టుకు పొమ్మని కేంద్రం ప్రమాణపత్రం వేసింది. దేశం కోసం వేసుకోమన్నది మీరే కదయ్యా! బ్రిటన్ 1979లోనే టీకా వల్ల వికలాంగులైనవాళ్లకు సొమ్ము ఇచ్చే చట్టం చేసుకుంది. కోటిమందిని కాపాడే పనిలో ఒకడు దెబ్బతింటే ఆ ఒకణ్ని కోటిమంది మోయాలి. ఇది దానం కాదు, బాకీ.

ప్రశ్న అడిగినవాళ్లకు ఏమైందో కూడా చూశాం. 2024లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు కోవాగ్జిన్ వేసుకున్న యువతలో దుష్ప్రభావాల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. బలహీనమైన అధ్యయనమే. టీకా వేసుకోనివాళ్లతో పోలిక లేదు, వివరాలు ఫోన్లో అడిగినవి. దాన్ని తప్పని చూపించాలంటే అంతకంటే మంచి అధ్యయనం చేసి పక్కన పెట్టాలి. వైద్య పరిశోధన మండలి ఆ పత్రాన్ని వెనక్కి తీయమని పత్రికకు రాసింది, పత్రిక తీసేసింది. కంపెనీ పరువు నష్టం దావా వేసింది. రేపు ఇంకో కుర్ర డాక్టరుకు నిజంగానే ఏదో కనిపిస్తే వాడు నోరు విప్పుతాడా?

తొందర ఖరీదు పేదవాడు ఎలా కట్టాడో మా వీధిలోనే చూశాను. మా పక్కింటివాళ్ల అల్లుడు జగిత్యాల వైపువాడు, రియాద్‌లో పనిచేస్తాడు. కరోనాకు సెలవు మీద వచ్చి చిక్కుకుపోయాడు. దొరికిన కోవాగ్జిన్ రెండు డోసులూ వేసుకున్నాడు. సౌదీ గుర్తించిన టీకాల్లో అప్పటికి అది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ లేదు. కంపెనీ ఆ సంస్థకు దరఖాస్తు పెట్టింది ఏప్రిల్ 19న, వివరాలు అందడం మొదలైంది జులైలో, గుర్తింపు వచ్చింది నవంబర్ 3న. మన కమిటీ ఒక్క రాత్రిలో తేల్చినదానికి అక్కడ నెలల తరబడి ప్రశ్నలు. “సూది ఏపిచ్చుకున్న గద అన్నా, మల్ల ఎందుకు ఆపుతున్నరు?” అని అతను నన్నడిగాడు. వీసా గడువు దగ్గర పడుతోంది, ఏజెంటు అప్పు వడ్డీ పెరుగుతోంది. మూడో డోసుగా కోవిషీల్డ్ వేయమని కేరళలో ఒక సౌదీ కార్మికుడు హైకోర్టుకే ఎక్కాడు. కరీంనగర్, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి ఎంతమంది అలా ఇంట్లో కూర్చున్నారో! అమెరికా చదువులకు పోయే మన పిల్లలు అక్కడ దిగి మళ్లీ వేరే టీకా వేయించుకున్నారు, ఒంట్లో రెండు రకాల టీకాలు కలిస్తే ఏమవుతుందో చెప్పేవాళ్లు లేకుండానే. మా ఇంటి మీదుగా విమానాలు దిగుతూనే ఉన్నాయి. ఆ అల్లుడు మిద్దె మీద నిలబడి వాటిని చూసేవాడు.

2020లో కరోనా వల్ల మా ఊళ్లో వినాయకుడి లడ్డూ వేలం ఆగిపోయింది. 1994లో 450 రూపాయలతో మొదలై, 2019లో 17 లక్షల 60 వేలకు చేరిన వేలం. బొడ్రాయి దగ్గర, అందరి ముందు, గట్టిగా పాట. ఎవరు ఎంతకు పాడారు, ఏ ఏడు ఎంత వచ్చింది, ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఒక లడ్డూ లెక్క ఊరంతటికీ తెలియాలని మావాళ్లు పట్టుబడతారు. నేను అడుగుతున్నది ఆపాటి పద్ధతే. రేపు ఇంకో మహమ్మారి వస్తుంది. రాదని ఎవరూ చెప్పడం లేదు. అప్పుడూ తొందరపడాల్సి వస్తుంది, తొందరపడదాం. కమిటీలో కూర్చున్నవాళ్ల పేర్లు ముందు రోజే చెప్పండి. కాగితాలు ముందు రోజే పెట్టండి. చర్చ అందరూ చూసేలా జరపండి. తెలిసింది ఇంత, తెలియంది ఇంత అని తెలుగులో, ఉర్దూలో, గోండిలో రాయించండి. దెబ్బతిన్నవాడికి అడక్కముందే సొమ్ము పక్కన పెట్టండి. సంతకం కంటే ముందు సీసాలకు డబ్బు కట్టండి. ఇవేవీ చేయకుండా మళ్లీ ఒక్క రాత్రిలో తేల్చేస్తే, కృష్ణపట్నంలో కరోనాకు ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం జనం కిలోమీటర్ల కొద్దీ ఎందుకు నిలబడ్డారని మమ్మల్ని అడగొద్దు. మీరు లెక్క చూపించరు, ఆయన కళ్ల ముందే కలిపి ఇచ్చాడు.

మొన్న మా వీధిలో ఉండే ఒకామె వచ్చింది. బిడ్డకు పన్నెండేళ్లు. క్యాన్సర్ రాకుండా వేసే టీకా వేయించమని డాక్టరమ్మ చెప్పిందట. వాళ్లది తిరుమలాయపాలెం పక్క ఊరు.

“గప్పుడు మా దిక్కు పిల్లలకిచ్చింది గిదేనా అన్నా?” అంది.

అవునన్నాను. కూర్చోబెట్టి అంతా చెప్పాను. హాస్టళ్లు, వార్డెన్ల సంతకాలు, చనిపోయిన పిల్లలు, కమిటీ ఏం తేల్చింది, ఏం తేల్చలేదు, ఈ టీకా ఏం చేస్తుంది, చేయి నొప్పి, జ్వరం ఎంతమందికి వస్తాయి, వేశాక ఎందుకు కాసేపు అక్కడే కూర్చోబెట్టాలి. గంట పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆపి మళ్లీ చెప్పమంది. ఒక కాగితం మీద రాయించుకుంది.

తర్వాతి సోమవారం బిడ్డను తీసుకుపోయింది.